గోడ మీది చక్కెరే ఆనవాలు

ఉలవలంటే మనకు చారు, గుగ్గిళ్లు, ఎడ్ల దాణా. అదే ఉలవ గింజకు బ్లడ్ బ్యాంకులో మరో పని ఉంది. ‘ఎ’ గ్రూపు రక్తంలో ఎ1, ఎ2 అని రెండు ప్రధాన ఉపరకాలున్నాయి. తగిన పాళ్లలో పలుచన చేసిన ఉలవల సారాన్ని ఒక చుక్క తీసుకుని, గాజు పలక మీద ఎర్ర రక్తకణాలతో కలిపి అటూ ఇటూ వంచి చూస్తారు. అవి ఎ1 కణాలైతే కాసేపట్లోనే ద్రవం విరిగినట్టై ఎర్రటి రవ్వలు తేలతాయి. ఎ2 కణాలైతే ద్రవం మొదట ఎంత నున్నగా ఉందో అంతే నున్నగా ఉండిపోతుంది. 1950ల మొదట్లో భారత్‌లో పనిచేస్తున్న జి.డబ్ల్యు.జి. బర్డ్ అనే వైద్యుడు ఉలవల్లోని ఈ గుణాన్ని బయటపెట్టారు. కీలకమంతా ఎర్ర కణం ఒంటి మీద ఉన్న చక్కెర గొలుసుల్లో ఉంది. ఆ గొలుసుల కొసన ఉండే ఎన్-ఎసిటైల్ గెలాక్టోజమీన్ అనే చక్కెరను ఉలవలోని ఒక ప్రొటీన్ పట్టుకుంటుంది. పట్టుకునే చోట్లు దానికి ఒకటికి మించి ఉన్నందువల్ల ఒక కణాన్నీ దాని పక్క కణాన్నీ కలిపి కట్టేస్తుంది. ‘బి’ గ్రూపులో ఆ కొసన గెలాక్టోజ్ ఉంటుంది. ఉలవ ప్రొటీన్ దాని జోలికి పోదు. ఆ రెండు చక్కెరల మధ్య తేడా కొద్ది పరమాణువులే. అంత సన్నని తేడాను ఒక ఎండు గింజలోని ప్రొటీన్ గుర్తుపడుతోంది. ఒంట్లోకి దూరిన బ్యాక్టీరియాను మన శరీరం పసిగట్టే తొలి పద్ధతుల్లో ఒకటి సరిగ్గా ఇదే.

ఇక్కడ చక్కెర అంటే టీలో వేసుకునేది ఒక్కటే కాదు. రసాయన శాస్త్రంలో చక్కెరలది పెద్ద కుటుంబం: గ్లూకోజ్, గెలాక్టోజ్, మ్యానోజ్, ఫ్యూకోజ్, సియాలిక్ ఆమ్లం, ఇంకా ఎన్నో. జీవకణాలన్నిటి ఒంటి నిండా ఇవి గొలుసులుగా, కొమ్మలుగా మొలిచి ఉంటాయి. గుర్తింపు కోసం ప్రకృతి వీటిని ఎందుకు ఎంచుకుందో ఒక లెక్క చూస్తే తెలుస్తుంది. మూడు వేర్వేరు అమైనో ఆమ్లాలను వరసగా పేర్చితే ఆరు రకాల ముక్కలే తయారవుతాయి. మూడు వేర్వేరు చక్కెరలను కలిపితే వెయ్యికి పైగా రకాలు వస్తాయి. ఒక చక్కెర ఇంకో చక్కెరతో ఏ కార్బన్ దగ్గర కలిసింది, ఏ దిక్కుకు తిరిగి కలిసింది, కొమ్మ వేసిందా లేదా అన్నదాన్ని బట్టి ఆకారం మారిపోతుంది. అంటే చిన్న చోటులో ఎక్కువ సమాచారం రాసిపెట్టుకునే వీలు చక్కెరలకుంది. ఆ రాతను చదివే ప్రొటీన్లను లెక్టిన్లు అంటారు. ఎంచుకోవడం అనే అర్థం వచ్చే లాటిన్ మాట నుంచి 1954లో బాయిడ్, షాప్లీ అనే శాస్త్రవేత్తలు ఆ పేరు పెట్టారు. అంతకు చాలా ముందే, 1888లో, స్టిల్‌మార్క్ అనే పరిశోధకుడు మన మెట్ట చేలలో పండే ఆముదం గింజల సారం రక్తకణాలను గుంపుకట్టిస్తుందని చూపాడు.

లెక్టిన్ల అధ్యయనంలో హైదరాబాద్‌కు చెప్పుకోదగ్గ వాటా ఉంది. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ముస్తి జె. స్వామి బృందం పొట్లకాయ, కాకరకాయ గింజల్లోని లెక్టిన్ల మీద, పనస గింజల్లోని జాకలిన్ అనే లెక్టిన్ మీద ఏళ్ల తరబడి పనిచేసింది. అక్కడే నాదింపల్లి శివకుమార్ జంతుకణాల లోపల మ్యానోజ్-6-ఫాస్ఫేట్ అనే చక్కెర గుర్తును పట్టుకునే ప్రొటీన్లను పరిశోధించారు. మొక్కల్లో మొదలైన ఈ కథ జంతువుల్లోకి వచ్చింది 1970ల్లో. కుందేలు కాలేయంలో గెలాక్టోజ్‌ను పట్టుకునే లెక్టిన్ ఉందని ఆ దశాబ్దంలో తేలింది. 1978లో జపాన్‌కు చెందిన కవాసాకి బృందం అదే కాలేయం నుంచి మ్యానోజ్‌ను పట్టుకునే మరో ప్రొటీన్‌ను వేరుచేసింది. మన రక్తంలోనూ ఉండే ఆ ప్రొటీన్‌ను ఇంగ్లిషు పొడి అక్షరాల్లో ఎంబీఎల్ అంటున్నారు. ఈ వ్యాసానికి కథానాయిక అదే. అది ఏం చేస్తుందో తెలియాలంటే ముందు అది ఎవరిని వెతుకుతోందో చూడాలి. ఆ వెతుకులాటకు పనికొచ్చే జ్ఞానం హైదరాబాద్ తూర్పు వైపున, కాప్రా, నాచారం, ఉప్పల్, హబ్సిగూడల మధ్య ఉన్న కొద్ది కిలోమీటర్ల మేరలో పోగుపడి ఉంది.

హబ్సిగూడలో ఉప్పల్ రోడ్డు పక్కన ఉన్న సీసీఎంబీ పరిశోధన సంస్థలో మంజులారెడ్డి ఎన్నో ఏళ్లుగా ఒకే ప్రశ్నను పట్టుకుని పనిచేశారు: బ్యాక్టీరియా తన గోడను ఎలా పెంచుకుంటుంది? ఈ గోడ పేరు పెప్టిడోగ్లైకాన్. రెండు రకాల చక్కెరలు ఒకదాని తర్వాత ఒకటిగా కూర్చిన పొడవాటి దండలు, ఆ దండలను అడ్డంగా కలుపుతూ చిన్న ప్రొటీన్ తునకలు. నులక మంచం అల్లిక లాంటి ఈ వల బ్యాక్టీరియాను చుట్టూ సంచిలా కప్పేసి ఉంటుంది. కణం లోపలి ఒత్తిడికి అది పగిలిపోకుండా కాసేది ఈ సంచే. బ్యాక్టీరియా పెరగాలంటే సంచి సాగాలి. సాగాలంటే కొన్ని ముడులు తెగాలి, ఆ ఖాళీలో కొత్త దండలు చేరాలి. ఎక్కువ తెగితే చావు, అసలు తెగకపోతే ఎదుగుదల లేదు. ఆ ముడులను విప్పే మూడు ఎంజైములను మంజులారెడ్డి బృందం ఇ. కోలై బ్యాక్టీరియాలో గుర్తించి 2012లో ప్రకటించింది. ఆ మూడూ ఒకేసారి లేకపోతే ఆ సూక్ష్మజీవి బతకలేదని నిరూపించింది. ఈ కృషికి ఆమెకు 2019లో జీవశాస్త్ర విభాగంలో ఇన్ఫోసిస్ బహుమతి వచ్చింది. కొత్త యాంటీబయాటిక్ మందులకు దారి చూపే పని అని దీన్ని అందరూ మెచ్చుకున్నారు, అది నిజమే. అందులో మన రోగ నిరోధక శక్తికి సంబంధించిన పాఠం కూడా ఉంది. చాలా రకాల బ్యాక్టీరియా దేన్నైనా మార్చుకోగలవు గానీ గోడ లేకుండా బతకలేవు. ఆ గోడకు ముడిసరుకు చక్కెర. మన కణాలకు అలాంటి గోడ లేదు. దొంగ వదులుకోలేని వస్తువు కన్నా నమ్మదగిన ఆనవాలు ఏముంటుంది? చక్కెరలను పట్టే ప్రొటీన్లు మన రక్షణలో ఏదో పక్కపాత్ర కాదని, శత్రువును పోల్చుకునే పనికి అవే పునాది అని చెప్పడానికి మొదటి ఆధారం ఇది.

ఇప్పుడు ఎంబీఎల్‌ను దగ్గరగా చూద్దాం. దీన్ని కాలేయం తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. మూడు పోగులు తాడులా పెనవేసుకుని ఒక కాడ అవుతాయి, ఆ కాడ కొసన మూడు తలలుంటాయి. అలాంటి కాడలు కొన్ని అడుగున కలిసి పూలగుత్తిలా విచ్చుకుంటాయి. ఒక్కో తలలో చక్కెర ఇమిడే చిన్న గుంట, ఆ గుంటలో ఒక కాల్షియం అయాను ఉంటాయి. చక్కెర అణువులో మూడో కార్బన్, నాలుగో కార్బన్ దగ్గరున్న హైడ్రాక్సిల్ గుంపులు రెండూ ఒకే తలంలో చాచి ఉంటే కాల్షియం వాటిని పట్టుకుంటుంది. మ్యానోజ్, గోడలో ఉండే ఎన్-ఎసిటైల్ గ్లూకోజమీన్ ఈ పరీక్షలో నెగ్గుతాయి. గెలాక్టోజ్‌లో నాలుగో కార్బన్ దగ్గరి గుంపు వేరే దిక్కుకు తిరిగి ఉంటుంది కాబట్టి గుంటలో ఇమడదు. మన కణాల మీది చక్కెర గొలుసులు ఎక్కువగా గెలాక్టోజ్‌తోనో సియాలిక్ ఆమ్లంతోనో ముగుస్తాయి. అందుకే ఎంబీఎల్ వాటిని దాటి వెళ్లిపోతుంది. రక్తంలోంచి కాల్షియం తీసేస్తే పట్టు వెంటనే వదిలిపోతుంది. 1992లో కర్ట్ డ్రికామర్ ఈ తలలో రెండే రెండు అమైనో ఆమ్లాలను మార్చి చూశాడు. మ్యానోజ్‌ను పట్టే ప్రొటీన్ కాస్తా గెలాక్టోజ్‌ను పట్టేదిగా మారిపోయింది. గుర్తింపు ఎంత కొద్ది చోటులో ఇమిడి ఉందో చెప్పడానికి ఇంతకన్నా చక్కని ప్రయోగం అరుదు.

అయితే మన శరీరంలోనూ మ్యానోజ్ ఉంది కదా, ఎంబీఎల్ మనల్నే ఎందుకు పట్టుకోదు? జవాబు దాని నిర్మాణంలోనే ఉంది. ఒక తల ఒక చక్కెరను పట్టుకునే పట్టు చాలా బలహీనం. క్షణంలో జారిపోతుంది. గడ్డిపరకలు విడివిడిగా తెగిపోతాయి, పేనితే మోకు అవుతాయి, ఇదీ అంతే. తలలు చాలా వాటికి ఒకేసారి చక్కెర దొరికినప్పుడే ఎంబీఎల్ గట్టిగా అతుక్కుంటుంది. మూడు తలల మధ్య ఎడం దాదాపు 5 నానోమీటర్లు. మన ప్రొటీన్ల మీద అక్కడక్కడా కనిపించే మ్యానోజ్ కొమ్మ ఆ ఎడం అంతా పరుచుకోలేదు. బ్యాక్టీరియా, శిలీంధ్రాల పైభాగం మీద అవే చక్కెరలు బారులు తీరి, మళ్లీ మళ్లీ వస్తాయి. అంటే ఎంబీఎల్ చూసేది ఒక్క అక్షరాన్ని కాదు, అదే అక్షరం పేజీ నిండా రాసి ఉన్న తీరును. ఆ తీరు కనిపించగానే దాని కాడలకు అంటిపెట్టుకుని ఉన్న మాస్ప్ అనే ఎంజైములు మేల్కొంటాయి. అవి సీ4, సీ2 అనే రక్త ప్రొటీన్లను కత్తిరిస్తాయి, ఆ ముక్కలు కలిసి సీ3ని కత్తిరిస్తాయి. సీ3 తునకలు వేలకొద్దీ బ్యాక్టీరియా ఒంటి మీద అతుక్కుంటాయి. ఆ ముద్ర పడినదాన్ని మింగడానికి మాక్రోఫేజ్ లాంటి కణాలు సిద్ధంగా ఉంటాయి. కొన్ని రకాల బ్యాక్టీరియాకైతే పైపొరకు నేరుగా రంధ్రాలే పడతాయి. ఇదంతా యాంటీబాడీలు తయారయ్యేదాకా ఆగకుండా, అంతకు ముందే జరిగిపోతుంది. కొత్త క్రిమి మీద యాంటీబాడీలు తయారవడానికి రోజులు పడుతుంది, బ్యాక్టీరియా రెట్టింపు కావడానికి నిమిషాలు చాలు. ఆ మధ్య కాలాన్ని కాసేవాళ్లలో లెక్టిన్లు ముందు వరసలో ఉన్నాయి.

ఎంబీఎల్ ఒక్కటే కాదు, ఒంట్లో ఎక్కడికక్కడ లెక్టిన్ల కాపలా ఉంది. ఊపిరితిత్తుల తడిపొరలో దాని బంధువులైన ఎస్‌పీ-ఎ, ఎస్‌పీ-డి పీల్చిన గాలిలోని క్రిములను చుట్టేస్తాయి. పేగులో రెగ్3 అనే లెక్టిన్ పెప్టిడోగ్లైకాన్‌ను పట్టుకుని కొన్ని బ్యాక్టీరియాను చంపేస్తుందని 2006లో లోరా హూపర్ బృందం చూపింది. పేగులోనే ఉండే ఇంటెలెక్టిన్ అనే మరో ప్రొటీన్ సూక్ష్మజీవుల చక్కెరలకు అతుక్కుంటుంది, మనిషి కణాల చక్కెరలను వదిలేస్తుంది అని 2015లో లారా కీస్లింగ్ బృందం ప్రకటించింది. ఇంకా ఆశ్చర్యం కలిగించే సంగతి 2016లో బయటపడింది. మాక్రోఫేజ్ బ్యాక్టీరియాను మింగి గోడను అరగదీస్తే, ఆ గోడలోని ఎన్-ఎసిటైల్ గ్లూకోజమీన్ బయటికొస్తుంది. కణంలో గ్లూకోజ్‌ను వాడుకలోకి తెచ్చే తొలి ఎంజైము హెక్సోకైనేజ్. ఈ పరాయి చక్కెర తగలగానే హెక్సోకైనేజ్ తన చోటు వదిలేస్తుంది, కణం ప్రమాద సంకేతం మోగిస్తుంది. రోజూ తిండి పని చూసుకునే ఎంజైమే కాపలాదారుగానూ ఉందన్నమాట. వేర్వేరు అవయవాల్లో, వేర్వేరు కుటుంబాలకు చెందిన ప్రొటీన్లు స్వతంత్రంగా ఒకే గుర్తును నమ్ముకున్నాయంటే అది యాదృచ్ఛికం కాదు. నమ్మదగిన గుర్తు కాబట్టే అన్నీ దాన్ని ఎంచుకున్నాయి.

ఈ వాదనకు గట్టి అభ్యంతరాలున్నాయి. మొదటిది: ఎంబీఎల్ అంత ముఖ్యమైతే అది సరిగా లేనివాళ్లు ఇంతమంది ఆరోగ్యంగా ఎలా ఉన్నారు? ఈ లోపం చరిత్ర 1968లో ఒక పసిపాపతో మొదలైంది. పాపకు ఇన్ఫెక్షన్లు మాటిమాటికీ వచ్చేవి. ఆ పాప రక్తరసం ఈస్టు కణాలకు ముద్ర వేయలేకపోతోందని వైద్యులు గమనించారు. 1989లో ఆ లోపానికి కారణం ఎంబీఎల్ తక్కువగా ఉండటమేనని, 1991లో దాని వెనక ఒకే అక్షరం తప్పిన జన్యువు ఉందని తేలింది. తీరా చూస్తే జనాభాలో దాదాపు 5 శాతం, కొన్ని చోట్ల అంతకన్నా ఎక్కువ మందిలో ఎంబీఎల్ చాలా తక్కువ. వాళ్లలో అత్యధికులకు ఏ జబ్బూ లేదు. దీన్ని బట్టి ఎంబీఎల్ అక్కర్లేనిదని తీర్మానించవచ్చా? లేదు. గ్రీన్‌లాండ్ పసిపిల్లల మీద 2001లో వెలువడిన అధ్యయనంలో, ఎంబీఎల్ తక్కువున్న పిల్లలకు శ్వాసకోశ ఇన్ఫెక్షన్లు ఎక్కువగా వచ్చాయి. ఆ తేడా బాగా కనిపించింది ఆరు నుంచి పదిహేడు నెలల వయసులో. తల్లి ఇచ్చిన యాంటీబాడీలు కరిగిపోయి, సొంతవి ఇంకా కుదురుకోని కాలం అది. కేన్సర్ మందులతో తెల్ల రక్తకణాలు పడిపోయిన రోగుల్లోనూ ఇలాంటి తేడానే కొన్ని అధ్యయనాల్లో కనిపించింది. మిగతా కాపలా గట్టిగా ఉన్నప్పుడు ఒక కాపలాదారు లేని లోటు తెలియదు. మిగతావాళ్లు లేనప్పుడు తెలుస్తుంది. పైగా ఎంబీఎల్ లేకపోయినా చక్కెరలను పట్టే ఫైకోలిన్లు అనే ప్రొటీన్లు, పేగు లెక్టిన్లు, ఊపిరితిత్తుల లెక్టిన్లు ఉండనే ఉన్నాయి. ఒకటి పోయినా శరీరం నిలబడుతోందంటే అది చక్కెర గుర్తింపు పనికిరాదనడానికి రుజువు కాదు, ఆ పనిని శరీరం ఒక్కరి మీదే వదిలేయలేదనడానికి రుజువు.

రెండో అభ్యంతరం: బ్యాక్టీరియా వేషం మార్చుకోవచ్చు కదా? మార్చుకుంటుంది కూడా. మెదడు పొరల వాపు తెచ్చే మెనింగోకోకస్ బి రకం తన ఒంటిని పాలీ సియాలిక్ ఆమ్లంతో కప్పుకుంటుంది. అది మన నాడీకణాల మీద ఉండేదాని లాంటిదే. ఆ చక్కెర మీద టీకా చేస్తే మన నాడుల మీదే దాడి జరుగుతుందేమోనన్న భయంతో శాస్త్రవేత్తలు దాన్ని వదిలేసి, 2010ల్లో ప్రొటీన్ల ఆధారంగా టీకా తేవాల్సి వచ్చింది. ఇంత పెద్ద వేషం వేయాల్సి వచ్చిందంటేనే చక్కెరను చూసే కళ్లు ఎంత పదునైనవో తెలుస్తోంది. చూసేవాళ్లే లేకపోతే వేషం ఎందుకు? శరీరం ఆ వేషానికి కూడా విరుగుడు పెట్టుకుంది. ఇ. కోలై ఓ86 అనే రకం మన ‘బి’ గ్రూపు చక్కెరను పోలిన చక్కెరను ధరిస్తుంది. ‘బి’ గ్రూపు వాళ్లలో దాని మీద యాంటీబాడీలు తయారు కావు. కానీ గెలాక్టిన్-4, గెలాక్టిన్-8 అనే పేగు లెక్టిన్లు దాన్ని పట్టుకుని చంపేస్తాయని 2010లో రుజువైంది. గెలాక్టిన్-8కు ఇంకో పని ఉంది. సాల్మొనెల్లా మన కణంలోకి దూరి, తాను దాక్కున్న సంచిని చించుకుని బయటపడాలని చూస్తుంది. ఆ చిరుగులోంచి సంచి లోపలి వైపుండే మన సొంత చక్కెరలు బయటికి కనిపిస్తాయి. బయట ఉండాల్సిన చక్కెర లోపల కనిపిస్తే సంచికి కన్నం పడిందని గెలాక్టిన్-8 గ్రహించి, ఆ క్రిమిని చుట్టి అరగదీసే యంత్రాంగాన్ని పిలుస్తుంది. కేంబ్రిడ్జ్‌లో ఫెలిక్స్ రాండో బృందం 2012లో ఈ సంగతి వెల్లడించింది.

మూడో అభ్యంతరం అన్నిటికన్నా బరువైనది. క్షయ, కుష్ఠు క్రిములు లెక్టిన్లకు భయపడవు సరికదా, వాటినే తలుపులుగా వాడుకుంటాయి. మన నిరోధక కణాల మీద డీసీ-సైన్ అనే లెక్టిన్ ఉంటుంది. క్షయ క్రిమి పైపొరలోని మ్యానోజ్ కొసల పదార్థం దానికి అతుక్కుని కణాన్ని మత్తులో పెట్టినట్టు చేస్తుందని 2003లో ఆమ్‌స్టర్‌డామ్ బృందం చూపింది. ఇథియోపియాలో కుష్ఠు రోగులను పరిశీలించిన 1994 నాటి అధ్యయనంలో, ఆరోగ్యంగా ఉన్నవారి కన్నా రోగుల్లోనే ఎంబీఎల్ ఎక్కువగా కనిపించింది. ముద్ర పడిన క్రిమిని మాక్రోఫేజ్ మింగుతుంది. మాక్రోఫేజ్ లోపలే కాపురం చేసే క్రిమికి అదే కావాలి. ఎంబీఎల్ తక్కువ చేసే జన్యువులు జనాభాలో ఇంతగా నిలిచిపోవడానికి ఇదొక కారణం కావచ్చని ఆ పరిశోధకులు ప్రతిపాదించారు. ఇది మన ప్రాంతానికి దూరపు ముచ్చట కాదు. కాప్రా మండలంలోని చర్లపల్లిలో లెప్రా సొసైటీ బ్లూ పీటర్ పరిశోధన కేంద్రం కుష్ఠు, క్షయ వ్యాధుల మీదే పనిచేస్తోంది. ఒకప్పుడు నాచారంలో ఉండి ఇప్పుడు ఉప్పల్‌లో ఉన్న సీడీఎఫ్‌డీ పరిశోధన సంస్థలో సంగీతా ముఖోపాధ్యాయ్ బృందం ఇదే రహస్యాన్ని మరో వైపు నుంచి ఛేదించింది. క్షయ క్రిమి ప్రొటీన్ పీపీఈ18 మాక్రోఫేజ్ మీది టీఎల్ఆర్2 అనే గ్రాహకాన్ని పట్టుకుని, నిరోధక స్పందనను చల్లార్చే సంకేతం పుట్టిస్తుందని 2009లో ప్రకటించింది. టీఎల్ఆర్2 లెక్టిన్ కాదు. దీన్ని బట్టి తేలేదేమిటంటే, దొంగ తాళం తీసుకునే విద్య నేర్చుకోవడం చక్కెర తలుపులకే పరిమితం కాదు. ఏ గుర్తింపు పద్ధతినైనా మొండి క్రిములు తమకు అనుకూలంగా తిప్పుకోవాలని చూస్తాయి. కాబట్టి లెక్టిన్లు తప్పు చేస్తాయన్నది నిజమే గానీ, ఆ తప్పు ఎక్కడ జరుగుతోందో తెలుసుకోవడమే క్షయకూ కుష్ఠుకూ కొత్త చికిత్సలు వెతికే దారుల్లో ఒకటి.

చివరిగా, అసలు యుద్ధం చేసేది యాంటీబాడీలే కదా, లెక్టిన్లకు ఇంత పెద్దపీట ఎందుకు అని అడగవచ్చు. యాంటీబాడీల బలాన్ని ఎవరూ కాదనలేరు. కానీ అవి కూడా ఎన్నోసార్లు చదివేది చక్కెరనే. రక్తం ఎక్కించేటప్పుడు గ్రూపు చూడటం ఎందుకు? పరాయి గ్రూపు రక్తం ఎన్నడూ ఎక్కించుకోని మనిషిలో కూడా దాని మీద యాంటీబాడీలు ముందే ఉంటాయి. పేగులోని బ్యాక్టీరియా ఒంటి మీద ఆ చక్కెరలను పోలినవి ఉండటమే అందుకు కారణం. క్రిములు సోకకుండా పెంచిన కోడిపిల్లల్లో ‘బి’ మీద యాంటీబాడీలు తయారు కాలేదని 1959లో స్ప్రింగర్ బృందం చూపింది. టీకాల సంగతీ అంతే. టైఫాయిడ్ క్రిమి వీఐ అనే చక్కెర తొడుగు వేసుకుని సీ3 ముద్ర తన మీద పడకుండా తప్పించుకుంటుంది. ఆ తొడుగునే తీసుకుని, ధనుర్వాతం టీకాలో వాడే ప్రొటీన్‌కు అతికించి, మన మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా శామీర్‌పేట దగ్గర జీనోమ్ వ్యాలీలోని భారత్ బయోటెక్ టీకా తయారుచేసింది. చక్కెర ఒక్కదాన్నే ఇస్తే రెండేళ్ల లోపు పిల్లల్లో సరైన స్పందన రాదు, ప్రొటీన్ తోడైతే ఆరు నెలల పాపకూ పనిచేస్తుంది. 2017 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ టీకాకు ముందస్తు అర్హత ఇచ్చింది. నేపాల్, మలావీ, బంగ్లాదేశ్‌లలో జరిగిన పెద్ద పరీక్షల్లో ఇది టైఫాయిడ్‌ను దాదాపు 80 శాతం లేదా అంతకు పైగా అడ్డుకుంది. క్రిమి దాక్కున్న చక్కెరే దాన్ని పట్టించే ఆనవాలైంది. లెక్టిన్లు పుట్టుకతో చదివే భాషనే యాంటీబాడీలు అనుభవంతో నేర్చుకుంటున్నాయి.

ఈ జ్ఞానం రోగి మంచం దాకా రావడం ఇప్పటికే మొదలైంది. క్షయ క్రిమి పైపొరలోని అదే మ్యానోజ్ పదార్థాన్ని మూత్రంలో వెతికే పరీక్షను, హెచ్ఐవీతో తీవ్రంగా జబ్బుపడిన వారికి వాడమని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. కఫం తీయలేని రోగికి అది ప్రాణం నిలబెట్టే తేడా. 2014లో హార్వర్డ్‌లోని వైస్ సంస్థ పరిశోధకులు ఎంబీఎల్ తలను యాంటీబాడీ తోకకు అతికించి, ఆ కలయికను అయస్కాంత రేణువుల మీద ఎక్కించారు. ఇన్ఫెక్షన్ సోకిన ఎలుకల రక్తాన్ని ఆ రేణువులతో వడకడితే క్రిములు బాగా తగ్గాయి. ఏ క్రిమో ముందుగా తెలియకుండానే పట్టుకోగలగడం దీని గొప్పతనం. రక్తంలో ఇన్ఫెక్షన్ పాకిన మనిషికి ఏ బ్యాక్టీరియా సోకిందో కల్చర్ పరీక్షలో తేలడానికి ఒకటి రెండు రోజులైనా పడుతుంది. ఆ రోజులే ప్రాణాల మీదికి తెస్తాయి. మందులకు లొంగని బ్యాక్టీరియా పెరుగుతున్న మన దేశంలో, గోడ ఎలా కడుతుందో తెలిసిన హబ్సిగూడ ప్రయోగశాల, క్షయ క్రిమి ఎత్తులు తెలిసిన ఉప్పల్ ప్రయోగశాల, రోగులను దగ్గరగా చూస్తున్న చర్లపల్లి కేంద్రం, లెక్టిన్ల స్వభావం తెలిసిన విశ్వవిద్యాలయం ఒకే నగరంలో ఉండటం పెద్ద అవకాశం. గోడను చదివేవాళ్లూ గోడను పట్టే ప్రొటీన్లను చదివేవాళ్లూ ఇంకా దగ్గరగా కలిసి పనిచేయడానికి ప్రభుత్వ నిధులు, ఉమ్మడి పథకాలు రావాలి.

పాఠకులు ఒక్క విషయంలో పొరబడకూడదు. ఈ కథలో చక్కెర మంచిదని విని తీపి ఎక్కువ తింటే నిరోధక శక్తి పెరగదు. మధుమేహం అదుపు తప్పితే ఇన్ఫెక్షన్లు ఎక్కువవుతాయన్నది వైద్యులకు బాగా తెలిసిన సంగతి. ఎంబీఎల్ ఎంత ఉండాలన్నది చాలావరకు జన్యువులే తేలుస్తాయి. దాన్ని పెంచే పొడులు, లేహ్యాలు అంటూ ఎవరైనా అమ్మితే నమ్మవద్దు. లెక్టిన్లున్నాయని పప్పులూ చిక్కుళ్లూ మానేయమనే ప్రచారాన్నీ నమ్మనక్కర్లేదు. పచ్చి రాజ్మాలోని లెక్టిన్ వాంతులు తెప్పిస్తుంది, నిజమే. నానబెట్టి, బాగా ఉడికించి తినే మన వంట దాన్ని నిర్వీర్యం చేస్తుంది. మీరు చేయగలిగిన మంచి పని వేరే ఉంది. ఇంట్లో ఆరు నెలలు దాటిన పిల్లలుంటే టైఫాయిడ్ కాంజుగేట్ టీకా గురించి పిల్లల డాక్టరును అడగండి. అది మన జిల్లాలోనే తయారైంది. శత్రువు ఒంటి మీది చక్కెరను మీ పిల్లల రక్తానికి ముందే చదివి వినిపించే టీకా అది.